తెల్ల పెంకు టీచరు

ఒక పెద్ద అడవిలో, అంటే మీరు ఊహించుకునేంత పెద్దది కాదులెండి, ఒక కాన్వెంటు, రెండు కమిటీలు, నాలుగు ముఠాలు సర్దుకునేంత పెద్ద అడవిలో, ఒక గోరువంక ఉండేది. పేరు పేరిందేవి. ఆవిడకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. కాన్వెంటు గేటు పక్కన నల్లరాతి మీద టీచర్ల పేర్లు సుద్దతో రాస్తారు చూశారూ, అందులో తన పేరు కూడా ఉండాలని. అదేం గొంతెమ్మ కోరిక కాదు. అయినా రెండేళ్లుగా తీరలేదు.

ఆ కాన్వెంటులో కొలనుభాష నేర్పుతారు. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో వాగులన్నీ ఎండిపోతాయి. కొండ దాటి పెద్ద కొలనుకు పోతే తప్ప గొంతు తడవదు. కొలను గట్టు మీద కాపలా పక్షులుంటాయి. "ఎవరు? ఎక్కణ్ణించి? ఎంతమంది?" అని కొలనుభాషలో అడుగుతాయి. అదే భాషలో టకటకా జవాబు చెప్పినవాళ్లకు తేటనీరు. తెల్లమొహం వేసినవాళ్లకు వెనకవైపు బురదగుంట.

అందుకని ఆ అడవిలో తల్లులు పాలు మాన్పించిన మర్నాడే పిల్లల్ని లాక్కొచ్చి కాన్వెంటులో పడేసేవారు.

పేరిందేవి ఈ అడవి పక్షి కాదు. కొండకు ఆవల రేగుకోన అనే చిట్టడవిలో పుట్టింది. రెక్కలొచ్చాక పదేళ్లపాటు కొలను గట్టు మీదే కొలువు చేసింది. వచ్చేపోయేవాళ్ల పేర్లు గట్టిగా పిలిచే పని. కొలనుభాషలో మాట్లాడుతుంది, తిడుతుంది, జోలపాడుతుంది, ఆఖరికి కలలు కూడా అందులోనే కంటుంది. అయితేనేం? కాన్వెంటు రిజిస్టరులో ఆవిడ ఉద్యోగం 'తాత్కాలిక ఆయా'. పాఠం చెప్పేదీ ఆయానే, పలకలు దిద్దేదీ ఆయానే, పిల్లల ముక్కులు తుడిచేదీ ఆయానే. రాతి మీద 'కొలనుభాష' అన్న మాటకు ఎదురుగా మాత్రం ఖాళీ.

ఆ ఖాళీ నింపాలని ఒకరోజు కరస్పాండెంటుగారికి బుద్ధి పుట్టింది.

కరస్పాండెంటు అంటే నెమలి, శిఖామణిగారు. స్కూలు పెట్టింది ఆయనే, స్కూలు కరపత్రం మీద బొమ్మా ఆయనదే. కిందటేడు ఆయన కొలను యాత్రకు వెళ్లి, గట్టు మీద ఇసుకలో దొరికిన తెల్లటి గుడ్డు పెంకు ఒకటి తెచ్చుకున్నారు. దాన్ని ఆఫీసు గదిలో తామరాకు మీద పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. "చూశారా? కొలనువాళ్ల పెంకు! ఆ తెలుపు చూడండి! అలాంటి గుడ్డులో పుడితే భాష దానంతట అదే రాదూ?"

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఏ ఉద్యోగానికైనా సరే, దరఖాస్తుతోపాటు తాను పుట్టిన గుడ్డు పెంకు ముక్క జతచేయాలి. గుడ్డు లేకుండా పుట్టినవాళ్లు, ఇద్దరు గుడ్డువాళ్ల చేత సంతకాలు పెట్టించుకుని రావాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాలంటే దానికీ పెంకు కావాలిగా.

మర్నాడు గేటుకు నోటీసు అంటించారు. 'కొలనుభాష బోధించుటకు టీచరు కావలెను. కొలనులో పుట్టినవారే దరఖాస్తు చేయవలెను. తెల్ల పెంకు తప్పనిసరి. అనుభవం ఉన్నా అభ్యంతరం లేదు.'

పేరిందేవి ఆ నోటీసు రెండుసార్లు చదివింది. తను పుట్టిన పెంకు నీలం. అలాగని ఊరుకుందా? లేదు. ఆకులో చుట్టి దాచుకున్న పెంకు ముక్క తీసుకుని, ఈకలు సర్దుకుని, ఇంటర్వ్యూకు వెళ్లింది.

కమిటీలో ముగ్గురు. మధ్యలో శిఖామణిగారు. కుడివైపు ఆఫీసు సూపరింటెండెంటు తాబేలు, కూర్మయ్యగారు. ఎడమవైపు తల్లిదండ్రుల సంఘం ప్రెసిడెంటు అడవిపంది, వరహాలరాజుగారు.

"ఏమ్మా పేరిందేవీ, నీళ్లు తెచ్చావా? ఆ ముంత అక్కడ పెట్టి వెళ్లు" అన్నారు శిఖామణిగారు.

"నీళ్లు కాదండీ. దరఖాస్తు తెచ్చాను."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"సరే, ఏదీ, నాలుగు ముక్కలు మాట్లాడు" అన్నారు వరహాలరాజుగారు, పోన్లే పాపమని.

పేరిందేవి మాట్లాడింది. అడిగింది నాలుగు ముక్కలే గానీ, ఆవిడ గట్టు మీది రద్దీ అంతా కళ్లకు కట్టించింది. కాపలా పక్షులు విసుక్కోవడం, చంటిపిల్లల తల్లులు బతిమాలడం, తెల్లవారుజామున నీటిమీద లేచే మంచు, అన్నీ. కిటికీ బయట పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. లోపల కమిటీవారు మాత్రం గోడ వంక చూస్తూ తలలు ఊపారు.

"బాగానే ఉందండీ" అన్నారు వరహాలరాజుగారు, "కానండీ, యాస కొంచెం తేడాగా లేదాండీ?"

"చాలా తేడా" అన్నారు శిఖామణిగారు.

"మీకు కొలనుభాష వచ్చాండీ?" అని అడిగింది పేరిందేవి, నిజంగానే తెలియక.

"రాదు. రాదు కాబట్టేగా ఇంత జాగ్రత్తగా చూసుకోవాల్సి వస్తోంది! ఏదీ పెంకు?"

ఆవిడ ఆకు విప్పింది. నీలం రంగు చూడగానే శిఖామణిగారు తోక ముడుచుకుని కుర్చీలో వెనక్కి జరిగారు. "నీలమా! అమ్మా, నీ మీద నాకు కోపమేం లేదు. నువ్వు మంచిదానివే. కానీ నీలం పెంకుదానితో పాఠాలు చెప్పిస్తున్నామని తెలిస్తే రేపు మన కరపత్రం ఎవరన్నా చూస్తారా?"

బయటికొచ్చాక కూర్మయ్యగారు మెల్లగా వెనకే వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, పైవాళ్ల మాట దాటని మనిషి, అంతే. "అమ్మాయ్, నా మాట విను. కాస్త సున్నం పూసుకురా. నేను చూడనట్టు సీలు వేసేస్తాను."

"నేను పుట్టిన గుడ్డుకు నేనే సున్నం కొట్టుకోలేనండీ" అంది పేరిందేవి. అనేసి, చెట్టెక్కి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది.

రెండు వారాలపాటు తెల్ల పెంకువాళ్లెవరూ రాలేదు. మూడోవారం ఒక పెద్ద మొసలి పొట్ట ఈడ్చుకుంటూ గేటు దగ్గరికొచ్చింది. వయసు మళ్లింది. నోట్లో మిగిలినవి నాలుగు పళ్లు. పంజాలో తెల్లని పెంకు.

"ఇక్కడ ఉద్యోగానికి నీడ, రెండుపూటలా గంజి ఇస్తారని విన్నాను" అన్నాడు మొసలి, మామూలు అడవిభాషలో.

శిఖామణిగారు పెంకు తీసుకెళ్లి తామరాకు మీద పెంకు పక్కన పెట్టి చూశారు. అచ్చు అదే! ఆనందంతో పురి విప్పేశారు. "కొలనులోనే పుట్టారా, దొరగారూ?"

"కొలనులోనేనండి. గట్టు మీద, ఇసుకలో."

"చాలు! ఇంకేం అడగొద్దు!"

వరహాలరాజుగారికి ఒకే ఒక సందేహం వచ్చింది. ఆయన శిఖామణిగారిని పక్కకు పిలిచారు. "అదేంటండీ, మొసలి కదాండీ. పిల్లల్ని తినేస్తేనో?"

"ఎంత మాట! కొలనులో పుట్టినవారండీ. ఆ మాత్రం సంస్కారం లేకుండా ఉంటుందా?"

ఆ సాయంత్రమే నల్లరాతి మీద ఖాళీ నిండింది. 'కొలనుభాష: శ్రీ మొసలి దొరగారు (తెల్ల పెంకు)'. పేరిందేవి అటువైపు చూడకుండా గేటు దాటడం అలవాటు చేసుకుంది.

దొరగారు క్లాసుకు వచ్చేవారు. ఎండ పడేచోట పడుకునేవారు. నోరు బార్లా తెరిచి కళ్లు మూసుకునేవారు. తల్లులు కంచె అవతల నుంచి చూసి మురిసిపోయేవారు. 'ఆ నోరు చూశావా వదినా, ఎంత విశాలంగా తెరుస్తున్నారో! మన టీచర్లకు వస్తుందా ఆ నోరు?' అని చెప్పుకునేవారు. దొరగారి తోక వెనకాల నిలబడి పాఠమంతా చెప్పేది మాత్రం తాత్కాలిక ఆయానే.

ఒక మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకెళ్లాక పేరిందేవి ఉండబట్టలేక అడిగేసింది. "దొరగారూ, మీరు ఒక్క మాటా మాట్లాడరేం? నేను మాట్లాడింది తప్పయితే దిద్దొచ్చుగా."

మొసలి ఒక కన్ను తెరిచాడు. "తప్పో ఒప్పో నాకేం తెలుసమ్మా? నాకు ఆ భాష రాదు."

"అదేమిటండీ! అక్కడే పుట్టారుగా!"

"పుట్టాను. డెబ్భై ఏళ్లు బతికాను. కానీ నాతో మాట్లాడిందెవరు? పలకరిద్దామని నీళ్లలోంచి తల పైకెత్తేసరికి గట్టంతా ఖాళీ. అందరూ ఎగిరిపోయేవారు. భాష రావాలంటే ఒక్కరన్నా పక్కన నిలబడాలి కదమ్మా."

ఆ మాటకు పేరిందేవి కోపమంతా కరిగిపోయింది. పాపం, ఇన్నాళ్లూ ఈయన్ని ఎంత ఆడిపోసుకున్నానో అనుకుని నొచ్చుకుంది. ఆ రోజునుంచి ఆయన గంజిలో ఒక చిటికెడు ఉప్పు ఎక్కువ వేయించేది.

అంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. కొలను నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. ఆ స్కూలు పిల్లలకు భాష వచ్చిందని ఆవిడ రాసిస్తేనే ఈ ఎండాకాలం వాళ్లకు తేటనీరు. లేకపోతే అందరికీ బురదగుంటే.

దొరగారి సంగతి శిఖామణిగారికీ అప్పటికే తెలిసింది. రాత్రికి రాత్రే కూర్మయ్యగారిని పిలిచి ఆలోచించారు. పొద్దున్నే పేరిందేవిని రమ్మన్నారు.

"అమ్మా పేరిందేవీ, దొరగారి నోరు పెద్దది. నువ్వు చిన్నదానివి."

"అయితే?"

"లోపల కూర్చో. ఇన్‌స్పెక్టరుగారు అడిగినదానికల్లా లోపలినుంచి జవాబు చెప్పు. పెంకూ దక్కుతుంది, భాషా దక్కుతుంది."

పేరిందేవికి ఒళ్లు మండిపోయింది. "నేను నోట్లో కూర్చుంటే పనికొస్తాను, కుర్చీలో కూర్చుంటే పనికిరానా?"

"తొందరపడకు. గండం గట్టెక్కించావంటే రాతి మీద నీ పేరు రాయిస్తాను. నా పింఛం మీద ఒట్టు. దొరగారి పేరు కింద, కాస్త చిన్న అక్షరాలతో."

చిన్న అక్షరాలైనా అక్షరాలేగా అనుకుంది పేరిందేవి. పైగా పిల్లలు బురద తాగుతుంటే చూసి తట్టుకోవడం ఆవిడ వల్ల కాదు. ఒప్పుకుంది.

ఇన్‌స్పెక్టరు ఒక వృద్ధ నారాయణపక్షి, పేరు నీరజాక్షిగారు. బూడిదరంగు రెక్కలు, పొడుగాటి కాళ్లు, చెప్పింది ఒకంతట నమ్మని చూపు. ఆవిడ వచ్చి క్లాసులో ఒంటికాలి మీద నిలబడ్డారు. ఎదురుగా దొరగారు నోరు తెరుచుకుని పడుకున్నారు. నాలుక చివర, చీకట్లో, ముడుచుకుని పేరిందేవి. పిల్లలకు సంగతి తెలుసు గానీ కిక్కురుమనలేదు.

"నమస్కారం మాష్టారూ. పిల్లలకు ఏం నేర్పుతున్నారు?" అని నీరజాక్షిగారు కొలనుభాషలో అడిగారు.

"నమస్కారమమ్మా. దాహాన్ని మర్యాదగా చెప్పుకోవడం నేర్పుతున్నాను" అంది దొరగారి నోరు, పెదవి కదపకుండా.

ఇన్‌స్పెక్టరుగారి కళ్లు మెరిశాయి. ఆ తరవాత ప్రశ్న మీద ప్రశ్న. నోట్లోంచి జవాబు మీద జవాబు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా శిఖామణిగారు ప్రతి జవాబుకూ "చూశారా!" అంటున్నారు. వరహాలరాజుగారు "అదండీ యాసంటే!" అని తొడ చరిచారు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ ఎండ చురుక్కుమనిపించింది, గంజి కాస్త ఎక్కువైంది, దొరగారికి కునుకు పట్టింది. నోరు మెల్లగా, చాలా మెల్లగా, మూతపడింది.

నోరు మూసుకున్నాక కూడా లోపల్నుంచి సన్నగా పాఠం వినబడుతోంది. తరవాత అదీ ఆగిపోయింది. దబదబా రెక్కల చప్పుడు.

పిల్లలు ఒక్కసారిగా లేచారు. కొలనుభాష క్లాసులో వేరే భాష మాట్లాడితే గోడకుర్చీ వేయించే స్కూలది. ప్రాణం మీదికొచ్చినా అలవాటు పోతుందా? అందరూ కొలనుభాషలోనే గొల్లుమన్నారు. "మాష్టారూ, నోరు తెరవండి! లోపల మా టీచరు ఉంది! ఊపిరాడక చచ్చిపోతుంది! దండం పెడతాం, తెరవండి!"

దొరగారు కళ్లు తెరిచి, పిల్లలు తనకేదో పద్యం చదివి వినిపిస్తున్నారనుకుని, సంతోషంగా తల ఊపారు. నోరు మాత్రం తెరవలేదు.

ఒక కుందేలుపిల్ల ఏడుస్తూ ఆయన ముక్కు మీద కొట్టింది. అడవిపంది పిల్ల ఒకడు తోక పట్టుకుని లాగాడు. అరుపులన్నీ కొలనుభాషలోనే, అక్షరం పొల్లుపోకుండా. ఆఖరికి కూర్మయ్యగారు, జన్మలో మొదటిసారి పైవాళ్ల అనుమతి లేకుండా, మామూలు భాషలో గొంతు చించుకున్నారు. "దొరగారూ, నోరు తెరవండి మహాప్రభో!"

"దానికేం భాగ్యం" అని దొరగారు నోరు తెరిచారు.

పేరిందేవి బయటపడింది. తడిసి ముద్దయి, ఒక ఈక విరిగి. పిల్లలు ఆవిడను చుట్టేసుకున్నారు. కంచె అవతల తల్లిదండ్రులు ముక్కున వేలేసుకున్నారు. వేళ్లు లేనివాళ్లు గిట్టలతో సరిపెట్టుకున్నారు.

నీరజాక్షిగారు ఎత్తిన కాలు దించి, అడవిభాషలోనే అన్నారు. "పిల్లలందరూ పాస్. ఏడుపులో కూడా ఒక్క తప్పు లేదు. ఇక నాకు ఒక్క సంగతి చెప్పండి. ఇంత మంచి టీచరును నోట్లో ఎందుకు పెట్టారు?"

"అది... పెంకు... ఆవిడది నీలమండీ. మీ కొలనువారిది తెలుపు కదా. మా పద్ధతి ప్రకారం..." అంటూ శిఖామణిగారు తామరాకు మీది పెంకు తెప్పించి చూపించారు.

దాన్ని చూసి నీరజాక్షిగారు పకపకా నవ్వారు. "నాది నీలమేనయ్యా. మా కొంగలు, నీటికాకులు, గట్టు మీద కాపలా కాసేవాళ్లం, చాలామందిమి నీలం పెంకులవాళ్లమే. ఇది మొసలి గుడ్డు."

దొరగారు దగ్గరికొచ్చి పెంకును వాసన చూశారు. "మా చెల్లెలిది" అన్నారు.

అంతటితో వాళ్లకు బుద్ధి వచ్చిందనే కదా మీరనుకుంటున్నారు? వచ్చింది. మర్నాడే గేటుకు కొత్త నోటీసు అంటించారు. 'కొలనుభాష టీచరు కావలెను. నీలం పెంకు తప్పనిసరి.'

పేరిందేవిని ఈసారి కబురంపి మరీ పిలిచారు. ముంత నీళ్లు వాళ్లే ఇచ్చారు. కుర్చీ వేశారు. శిఖామణిగారు పెంకును వెలుతురుకు పెట్టి చూసి కళ్లకద్దుకున్నారు. "ఎంత నీలం! ఏం నీలం! మేడంగారూ, మేం మిమ్మల్ని ముందే గుర్తించలేకపోయాం. ఇంటర్వ్యూ అయిపోయింది. మీకే ఉద్యోగం."

"నన్ను మాట్లాడమనలేదేమండీ?"

"అబ్బే, ఎందుకండీ శ్రమ! పెంకే చెబుతోందిగా" అన్నారు వరహాలరాజుగారు.

కూర్మయ్యగారు అప్పటికే సుద్దముక్క పట్టుకుని నల్లరాతి దగ్గర నిలబడ్డారు. కిటికీలోంచి కనిపిస్తోంది. దొరగారి పేరు తుడిచేసిన చోటు ఇంకా తడిగానే ఉంది. పెద్ద అక్షరాలతో రాయడానికి సరిపోయేంత చోటు. పేరిందేవి దానివంక చూసింది. రెండేళ్ల కోరిక.

"అయితే చేరేముందు రెండు మాటలు చెప్పొచ్చా?" అని అడిగింది.

"రెండేం, ఇరవై చెప్పండి!"

ఆవిడ లేచి, వాళ్ల ముగ్గురికీ నమస్కారం పెట్టి, కొలనుభాషలో, నింపాదిగా, చక్కని యాసతో చెప్పింది. కమిటీవారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఆహా! అది కదా ఉచ్చారణ!" అన్నారు శిఖామణిగారు.

కిటికీ బయట పిల్లలు మాత్రం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఎందుకంటే ఆవిడ చెప్పింది ఇది: "అయ్యల్లారా, మీ కొలువు నాకొద్దు. ఈ మాట మీలో ఒక్కరికి అర్థమైన రోజున కబురంపండి, ఆ రోజు వచ్చి చేరతాను."

చప్పట్లు ఆగేలోపే ఆవిడ కిటికీలోంచి ఎగిరిపోయింది.

ఇప్పుడు వాగు ఒడ్డున ఇప్పచెట్టు కింద పేరిందేవి బడి నడుస్తోంది. రాయి లేదు, సుద్ద లేదు. మొదటి వరసలో, ఎండపడేచోట, మొసలి దొర కూర్చుంటాడు. బోధించడానికి కాదు, నేర్చుకోవడానికి. "బాగున్నారా?" అనే మాట ఆయనకు ఈమధ్యే పట్టుబడింది. ఈ ఎండాకాలం కొలనుకు వెళ్లి, ఎగిరిపోబోయే వాళ్లెవరితోనైనా ఒక్కసారి ఆ మాట అని చూడాలట.

మొన్న వరహాలరాజుగారు పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని అక్కడికి వచ్చారు. "మేడంగారూ, మావాళ్లను ఇక్కడే చేర్చుకోవాలండీ. ఊరికే అడుగుతున్నానండీ, ఏమనుకోకండీ, ఆ పెంకు... నిజంగా నీలమేనాండీ?"

"చెబుతానుగానీ, ఆ మాట కొలనుభాషలో అడగండి."

"నాకు రాదు కదాండీ!"

"అయితే మీరు కూడా కూర్చోండి" అంది పేరిందేవి. ఆయన చుట్టూ చూసి, దొరగారికి కాస్త దూరంగా, కూర్చున్నారు.

నీతి: చదువుదేముంది, ఎప్పుడైనా చదువుకోవచ్చు, ఉద్యోగం కావాలంటే మాత్రం నోటీసు పడ్డాక, అందులో రంగు చూసుకుని పుట్టవలెను.